బుసకొట్టే పిల్లికూన ఒళ్లోకి రావాలంటే

అరచేతిలో పట్టేంత ఉంటుంది. చెయ్యి చాపితే చాలు, చెవులు వెనక్కి అంటించి, వీపు విల్లులా వంచి పాములా బుస్సుమంటుంది. ఇంకాస్త దగ్గరికి వెళ్తే ‘ఫట్’మని ఉమ్మినట్టు చప్పుడు చేసి, ఆ చప్పుడుకి తనే అదిరిపడి నాలుగడుగులు వెనక్కి ఎగురుతుంది. సెల్లారులోనో, మేడమీద నీళ్ల ట్యాంకు కిందో, పెరట్లో కట్టెల మోపు వెనకో ఇలాంటివి మూడో నాలుగో కనిపించి, వీటిని చేరదీద్దామా అని మీరు ఆలోచిస్తుంటే ఇది మీకోసమే. హైదరాబాదులో మా అపార్ట్‌మెంటు సెల్లారు నుంచి ఇప్పటికి ఐదు ఈతల పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని, మచ్చిక చేసి, మంచి ఇళ్లకు పంపాను. చేయాల్సిన తప్పులన్నీ మొదటి రెండు ఈతల మీదే చేసేశాను.

ఆ బుస కోపం కాదు, భయం. తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ మనందరికీ తెలిసిందే. రాయలవారు ఎలుకల కోసం ఇంటికో పిల్లిని, దాని పాల కోసం ఓ ఆవుని ఇస్తే, మనవాడు మొదటిరోజే పిల్లి ముందు పొగలు కక్కే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పరుగు. నవ్వుకోవడానికి చెప్పుకునే కథే గానీ పిల్లి బుర్ర పనిచేసే తీరు అందులో ఉన్నదున్నట్టు ఉంది. భయాన్ని అది ఒక్క పూటలో నేర్చేసుకుంటుంది. మనం చేయబోయేది దానికి ఎదురు పని: మనిషి కనిపించిన ప్రతిసారీ దానికి మంచే జరగాలి, కడుపే నిండాలి. రోజుకు నాలుగైదు పూటల చొప్పున రెండు మూడు వారాలు ఇదే పని.

ముందు తల్లి సంగతి చూడండి

పిల్లలు కనిపించగానే బుట్టలో వేసుకుని వచ్చేయకండి. తల్లి తిండి కోసం గంటల తరబడి బయట తిరుగుతుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఒక్కో పిల్లనే నోట కరుచుకుని కొత్తచోటికి మారుస్తూ ఉంటుంది కాబట్టి, మీకు ఒంటరిగా కనిపించింది మధ్యలో దింపిన పిల్ల కూడా కావచ్చు. కడుపులు గుండ్రంగా, ఒళ్లు శుభ్రంగా ఉండి, ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతుంటే తల్లి వస్తున్నట్టే. ఆగకుండా అరుస్తూ, ఒళ్లు చల్లగా, కళ్లు పుసులతో ఉంటే రావడం లేదన్నమాట.

తేలకపోతే ఒక చిట్కా. పిల్లలున్న చోటు చుట్టూ మూరెడు వెడల్పున పల్చగా బియ్యప్పిండి చల్లండి. ముగ్గు సున్నం వద్దు, కాళ్లు నాక్కుంటే నోరు పొక్కుతుంది. నాలుగైదు గంటలయ్యాక వచ్చి చూడండి. పిండిలో తల్లి అడుగులు పడి ఉంటే మీరు ఇంకొన్నాళ్లు పక్కకు తప్పుకోవచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందని అంటారు, అంత భయపడక్కర్లేదు. కానీ తరచూ వెళ్లి తొంగిచూస్తే మాత్రం రాత్రికి రాత్రి చోటు మార్చేస్తుంది. అప్పుడు మీకు తల్లీ దొరకదు, పిల్లలూ దొరకవు.

తల్లి ఉన్నన్నాళ్లూ దానికి రోజూ ఒకే వేళకు తిండి పెట్టండి. ఇది దయ మాత్రమే కాదు, తర్వాత దాన్ని పట్టుకుని మళ్లీ పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించడానికి ఈ అలవాటే పనికొస్తుంది.

పల్లెల్లో ఉన్నవాళ్లకి ఒక హెచ్చరిక. చెరకు తోటలో, చేపల చెరువు గట్టున, రెల్లు పొదల్లో దొరికిన కూనలు ఊరపిల్లి పిల్లలే అనుకోకండి. ఒంటి మీద వరసగా మచ్చలు, పొట్టి తోక, వయసుకి మించిన దిట్టమైన ఒళ్లు ఉంటే అవి చేపలు పట్టి తినే అడవిపిల్లి, అంటే బావురుపిల్లి పిల్లలు కావచ్చు. కోరింగ మడ అడవుల్లోనే కాదు, డెల్టా చెరువుల దాకా కూడా అవి వస్తాయి. అలాంటి అడవి జాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, ఇంటికి తెచ్చి పెంచడం నేరం. అనుమానమొస్తే ఉన్నచోటే వదిలి అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. తల్లి రాత్రికి వస్తుంది.

వయసు లెక్క తప్పితే పనంతా తప్పుతుంది

మనుషుల్ని తనవాళ్లుగా చూడటం పిల్లికూన సుమారు రెండో వారం నుంచి ఏడో వారం లోపల నేర్చుకుంటుంది. 1980లలో అమెరికాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఐలీన్ కార్ష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లికూనల్ని వేర్వేరు వయసుల్లో చేతుల్లోకి తీసుకుంటూ పరిశీలించి తేల్చిన సంగతి ఇది. ఎనిమిది వారాలు దాటితే తలుపు ఒక్కసారిగా మూసుకుపోదు గానీ మన పని రెట్టింపు అవుతుంది. మూడు నెలలు దాటిన కూనకి నెలల ఓపిక కావాలి. నాలుగు నెలలు దాటి మనిషిని చూస్తే పారిపోతూ పెరిగినదాన్ని నేనైతే ఇంట్లో పెట్టను. ఆపరేషను, టీకా చేయించి, అవి అయినట్టు తెలియడానికి చెవి కొసకు గుర్తు పెట్టించి దాని సెల్లారుకే దాన్ని పంపిస్తాను. నాలుగు గోడల మధ్య అది పడే బాధకు ప్రేమ అని పేరు పెట్టడం నాకు ఇష్టం లేదు.

వయసు చూడటానికి కళ్లు, పళ్లు చాలు. కళ్లు ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య విచ్చుకుంటాయి. మూడో వారానికి చెవులు నిక్కి, ముందు పళ్లు చిన్న బియ్యపు నూకల్లా కనిపిస్తాయి. నాలుగో వారానికి కోరలు వస్తాయి, పరుగులు మొదలవుతాయి. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి తూచండి. పుట్టినప్పుడు సుమారు 100 గ్రాములుండే కూన వారానికి ఇంచుమించు మరో 100 గ్రాములు పెరుగుతుంది. నాలుగు వారాలకి 400 నుంచి 450, ఎనిమిది వారాలకి కిలోకి కాస్త అటూఇటూ. రోజూ ఒకే వేళకు తూచి క్యాలెండరు గడిలో రాయండి. ఒక రోజు పెరగకపోతే గమనించండి, బరువు తగ్గితే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

తల్లి ఉన్న కూనలైతే నాలుగున్నర, ఐదు వారాలకు తీసుకోవడం నాకు బాగా కుదిరింది. అప్పటికి గట్టి తిండి తింటాయి, మనసు ఇంకా మెత్తగానే ఉంటుంది.

పట్టుకోవడానికి గంప చాలు

చేతులతో పట్టాలని చూడకండి. అరకిలో బరువు లేని కూన పళ్లు కూడా బొటనవేలి గోరు కిందికి దిగుతాయి, అనుభవం మీద చెబుతున్నాను. కోళ్లను మూసే వెదురు గంప ఉంటే అంతకన్నా మంచి బోను లేదు. గంప అంచుకు జానెడు పుల్ల ఆనించి, పుల్లకు పొడవాటి పురికొస కట్టి, గంప మధ్యలో ఉడికించిన చికెన్ ముక్కలో, వాసన వచ్చే చేపో పెట్టండి. దూరంగా కూర్చుని, కూన పూర్తిగా లోపలికి వెళ్లి తల దించాక పురికొస లాగండి. వెంటనే గంప మీద దుప్పటి కప్పేయాలి. చీకటి పడగానే అరుపు ఆగిపోతుంది. తర్వాత గంప కింద నుంచి పల్చటి అట్ట తోసి, మొత్తం ఎత్తి, మూత ఉన్న బుట్టలోకి దించుకోండి. ఒకటి పట్టుబడ్డాక మిగిలినవి బెదురుతాయి. ఓ గంట ఆగి మళ్లీ మొదలుపెట్టండి, తోబుట్టువు అరుపు విని అవే దగ్గరికి వస్తాయి.

మార్జాల కిశోర న్యాయం అని వైష్ణవులు చెబుతారు కదా, తల్లి మెడ పట్టి ఎత్తితే కూన తన బరువంతా తల్లికే వదిలేస్తుందని. అది తల్లి నోటికి చెల్లింది. మీరు మెడ తోలు పట్టి గాల్లో వేలాడదీయకండి. మందపాటి టర్కీ టవల్ మీదేసి, కాళ్లు నాలుగూ లోపలికి వచ్చేలా చుట్టి ఎత్తండి.

బాత్రూమే గది

నా మొదటి పెద్ద తప్పు ఇక్కడే. పాపం చిన్న చోటెందుకు, హాయిగా తిరగనీ అని బెడ్‌రూములో వదిలాను. ఒకటి మంచం డబ్బాలోకి దూరింది. పరుపు ఎత్తి, పలకలు విప్పి, రెండు రోజులు తిండిపళ్లెం పట్టుకుని నేల మీద పడుకున్నాను. బయటికి వచ్చింది గానీ, నన్ను చూస్తే ఆ పలకలు విప్పిన చప్పుడే గుర్తొచ్చేదేమో, దాన్ని మచ్చిక చేయడానికి మిగతావాటికన్నా రెండు వారాలు ఎక్కువ పట్టింది.

బెదిరినదానికి చిన్న చోటే ధైర్యం. వాడకం తక్కువున్న బాత్రూము సరిగ్గా సరిపోతుంది. ముందు బకెట్లు, టబ్బులు ఖాళీ చేయండి; జానెడు నీళ్లున్నా కూన మునిగిపోతుంది. కమోడు మూత వేసి పైన బరువు పెట్టండి. గాజు పలకల వెంటిలేటరు, ఎగ్జాస్టు ఫ్యాను కన్నం అట్టతో మూయండి. యాసిడ్ సీసాలు, ఫినాయిలు, నాఫ్తలీన్ ఉండలు అన్నీ బయటికి. ఫినాయిల్లోని పదార్థం, అలాగే నీళ్లలో కలిపితే తెల్లగా మారే డెట్టాల్ లాంటివి పిల్లి కాలేయం అరిగించుకోలేదు. నేల తుడిచాక కాళ్లకంటినది నాక్కుంటే చాలు, జబ్బు పడుతుంది. సబ్బునీళ్లతో కడిగి మంచినీళ్లు పోస్తే సరిపోతుంది.

ఓ మూల అట్టపెట్టె బోర్లించి, ఒక పక్క కూన పట్టేంత ద్వారం కోయండి. దాక్కోవడానికి అది కావాలి, కానీ మీ చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. ఎదురు మూలలో మలమూత్రాల కోసం బేసినులో రెండు అంగుళాల ఇసుక లేదా చింపిన న్యూస్ పేపరు. నీళ్లు తగిలితే గడ్డకట్టే లిట్టరు ఇంత చిన్నవాటికి వద్దు, నోట్లో వేసుకుంటాయి. తిండి పళ్లెం ఇసుక బేసినుకి ఎంత దూరముంటే అంత మంచిది. చలికాలంలో గోరువెచ్చని నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో అయితే మన దగ్గర వేడి గురించి బెంగక్కర్లేదు, తడి గోనె తలుపు దగ్గర వేలాడదీయాల్సి వస్తుంది.

ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ఆవుపాలు, గేదెపాలు, ప్యాకెట్ పాలు ఏవీ వద్దు. వాటిలోని లాక్టోజు అరగక విరేచనాలు పట్టుకుంటాయి, అంత చిన్న ఒంట్లో నీరు పోతే ఒక్క రోజులో చేయి దాటిపోతుంది. నాలుగు వారాల లోపు కూనలకి పిల్లికూనల పాలపొడి ప్రత్యేకంగా పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతుంది. డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి, మణికట్టు మీద చుక్క వేసుకుంటే గోరువెచ్చగా తగలాలి. కూనని పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకండి, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా, తల్లి దగ్గర తాగే తీరులోనే ఉంచి పట్టండి. ఒళ్లు చల్లగా ఉన్న కూనకి పాలు అసలు పట్టకూడదు. ముందు ఒంటికి హత్తుకుని వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలు. మూడు వారాల లోపువాటికి రాత్రిళ్లు కూడా మూడేసి గంటలకోసారి పట్టాలి. ప్రతి పాలపట్టు తర్వాత తడి దూదితో కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం, మలం వస్తాయి. తల్లి నాలుకతో చేసే పని అది. ఉద్యోగం చేసుకుంటూ ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, ఇంకొకరిని తోడు పెట్టుకోండి.

ఐదు వారాల కూన గట్టి తిండి తింటుంది. ఉప్పు, కారం, పసుపు, ముఖ్యంగా ఉల్లి, వెల్లుల్లి లేకుండా నీళ్లలో ఉడికించి సన్నగా చిదిమిన చికెన్, దానితో పాటు పిల్లికూనల కోసమని రాసి ఉన్న తడి తిండి పౌచ్. పౌచ్ తప్పనిసరి, ఎందుకంటే ఉత్త చికెన్‌తో ఎముకలకు కావలసిన కాల్షియం అందదు. పెరుగన్నం మీద పిల్లులు బతకడం మనం చూస్తూనే ఉంటాం, కానీ చాటుగా ఎన్ని ఎలుకల్ని, బల్లుల్ని తింటున్నాయో చూడం. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం లేకపోతే పిల్లికి చూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. మాది శాకాహారం ఇల్లు. "ఆ గిన్నె నా వంటింటి గుమ్మం దాటకూడదు" అన్నారు మా అత్తగారు. దాటలేదు. బాల్కనీలో ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక గిన్నె, ఒక గరిటె వేరే పెట్టుకున్నాను. అదీ కుదరకపోతే పౌచ్‌లతోనే పూర్తిగా సరిపెట్టవచ్చు. ఖర్చు ఎక్కువే గానీ గొడవ ఉండదు.

ఇక మచ్చిక

మొదటి రోజంతా వదిలేయండి. తిండి పెట్టి, తలుపు మూసి వచ్చేయండి. తినకపోయినా కంగారు పడొద్దు, తెల్లారేసరికి పళ్లెం ఖాళీ అవుతుంది.

రెండో రోజు నుంచి ఒక నియమం: తిండి మీతోనే వస్తుంది, మీతోనే వెళ్తుంది. మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి, తిండి మాత్రం రోజుకు నాలుగైదుసార్లు మీరు వెళ్లి కూర్చున్నప్పుడే. పీట వేసుకుని, గోడకు ఆనుకుని, కాస్త పక్కకు తిరిగి కూర్చోండి. నిలబడితే మీరు దానికి తాటిచెట్టంత కనిపిస్తారు. కళ్లల్లోకి తేరిపార చూడొద్దు. చూసినప్పుడు రెప్పలు మెల్లగా వాల్చి తెరవండి, పిల్లుల భాషలో అది ‘నా వల్ల నీకేం కాదు’ అని చెప్పడం. పళ్లెం మీకు ఎంత దూరంలో పెడితే అది వచ్చి తింటుందో అక్కడ మొదలుపెట్టి, పూటకి బెత్తెడు చొప్పున మీ వైపు జరపండి. గట్టిగా ఏదైనా చదవండి. నేను పేపర్లో సంపాదకీయాలు చదివేదాన్ని, కూనలకే కాదు నాకూ నిద్రొచ్చేది. మాట వినబడుతూ ఉండటం ముఖ్యం, విషయం కాదు.

ఇది ఆకలితో మాడ్చి లొంగదీయడం కాదు. రెండు పూటలు వరసగా ముట్టకపోతే పళ్లెం అక్కడ పెట్టి బయటికి వచ్చేయండి. తిన్నాక మళ్లీ మొదటి దూరం నుంచి మొదలుపెట్టండి.

పళ్లెం మీ మోకాలి దాకా వచ్చాక చెంచా పట్టండి. మామూలు చెంచా కాదు, పొడవాటి కాడ ఉన్నది. ఐస్‌క్రీమ్ పుల్ల రెండు కలిపి టేపు చుట్టినా చాలు. చిదిమిన చికెనో, ట్యూబులో వచ్చే క్రీమీ ట్రీటో కొసకు రాసి ముక్కు దగ్గరికి మెల్లగా తీసుకెళ్లండి. కిందటేడు వచ్చిన మూడింట్లో బూడిదరంగుది అందరికన్నా మొండిది. ఐదో రోజు సాయంత్రం ముందు చెంచా మీద బుస్సుమంది. తర్వాత పంజాతో ఒక్కటిచ్చింది. ఇచ్చిన దెబ్బకి పంజాకి చికెన్ అంటుకుంది. ఆ పంజా నాక్కుంది. ఆగింది. చెంచా వంక చూసింది, నా వంక చూసింది, మళ్లీ చెంచా వంక చూసి, మెడ జిరాఫీలా సాచి, ఒళ్లంతా అట్టపెట్టెలోనే ఉంచి నాలుక ఒక్కటి బయటపెట్టి నాకింది. నాకుతూనే గుర్రుమంటోంది, ముద్ద నోట్లో, ఉరుము గొంతులో. ఆ ఉరుము మీ మీద కోపం కాదు, దొరికిన తిండి పోతుందన్న భయం. ఊరికే ఉండండి. రెండు మూడు రోజుల్లో ఉరుము దానంతటదే పోతుంది.

తర్వాత పుల్ల కురచ చేస్తూ రండి, చివరికి వేలు. వేలి మీద నుంచి నాకడం మొదలుపెట్టాక, తింటున్నప్పుడు రెండో చేత్తో బుగ్గ పక్కన ఒక్కసారి తాకి తీసేయండి. చేయి ఎప్పుడూ కింద నుంచి, పక్క నుంచి రావాలి. పైనుంచి వచ్చే చేయి దానికి గద్ద. బుగ్గ, గడ్డం కింద, చెవుల వెనక, ఆ తర్వాతే వీపు. కడుపు, కాళ్లు, తోక జోలికి ఇప్పుడే పోవద్దు. వీపు మీద చేయి ఉండగా తల ఎత్తకుండా తినడం కొనసాగించిందంటే సగం దారి దాటినట్టు.

ఇక్కడ చాలామంది చెడగొట్టుకుంటారు. తాకనిచ్చింది కదా అని ఆ సాయంత్రమే ఎత్తుకుని, ఫొటో తీసి, పక్కింటి పిల్లలకి చూపిస్తారు. వేడి పాలు తాగించినట్టే. మరో మూడు రోజులు వెనక్కి పోతారు.

ఎత్తుకోవడానికి తువ్వాలు ఉంది. తినిపించాక మగతగా ఉన్నప్పుడు, పొత్తిళ్లలో బిడ్డని చుట్టినట్టు తల ఒక్కటే బయటికి ఉండేలా చుట్టి, గుండెకు ఆనించి కూర్చోండి. రెండు నిమిషాలతో మొదలుపెట్టి పెంచుతూ పోండి. ట్రీటు నాకిస్తూ ఉండండి. పెనుగులాడేటప్పుడు దించకండి, ఒక్క క్షణం నిమ్మళించాక దించండి. లేదంటే పెనుగులాడితే దించుతారని నేర్చుకుంటుంది. కార్ష్ పరిశీలనలో రోజుకు పావుగంట చేతుల్లో పెరిగిన కూనల కన్నా నలభై నిమిషాలు పెరిగినవి మనుషులకు ఎక్కువ చేరువయ్యాయి. ఒకేసారి నలభై అక్కర్లేదు, పూటకి పది చొప్పున సరిపోతుంది.

మూడు నాలుగు కూనలుంటే ఒక చిక్కు. ధైర్యం ఉన్నది ముందుకొస్తే దాన్ని చూసి మిగతావి వస్తాయి, అది మంచిదే. కానీ అన్నిట్లోకీ పిరికిది వాటి వెనక నక్కి, వాటితోనే ఆడుకుని, మీ అవసరం లేకుండా గడిపేస్తుంది. దాన్ని రోజులో కొన్ని గంటలు వేరే గదిలో మీతో ఒంటరిగా ఉంచండి. రెండు మూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. రాత్రి మాత్రం తోబుట్టువుల దగ్గరికి పంపేయండి.

ఆట కూడా మచ్చికలో భాగమే. కర్రకు గుడ్డపీలిక కట్టి నేల మీద ఎలుకలా పాకించండి, ఉండ చుట్టిన న్యూస్ పేపరు దొర్లించండి. మీ వేళ్లతో ఆడించకండి. ఇప్పుడు ముద్దుగా కొరికేది ఆరు నెలలకి రక్తం వచ్చేలా కొరుకుతుంది. ఆట అయ్యాక దారాలు, పీలికలు తీసి దాచేయండి. పిల్లి నాలుక మీద ముళ్లు లోపలివైపు వంగి ఉంటాయి, నోట్లోకి పోయిన దారాన్ని అది ఉమ్మలేదు. మింగిన దారం పేగుల్ని ముడత పెట్టేస్తుంది. కుట్టుమిషను ఉన్న ఇళ్లలో మరీ జాగ్రత్త.

చేతికి అలవాటయ్యాక ఇంటికి అలవాటు చేయాలి. కుక్కరు విజిలు, మిక్సీ, కాలింగ్ బెల్లు, సీరియల్ ఏడుపులు అన్నీ మొదట తలుపు మూసి దూరం నుంచి, తర్వాత తలుపు తీసి. మిక్సీ వేసే ముందు ట్రీటు ఇవ్వండి. ఒక్క మనిషికే అలవాటైన కూన కొత్త ఇంట్లో మళ్లీ మొదటికి వస్తుంది. అందుకని రెండో వారం నుంచి రోజుకో కొత్త మనిషి వచ్చి పీట మీద కూర్చుని తినిపించాలి. పెద్ద గొంతున్న మగవాళ్లు, గాజుల చప్పుడున్న ఆడవాళ్లు, చెప్పిన మాట వినే పిల్లలు, అందరూ కావాలి. మీరు గదిలోకి రాగానే తోక నిటారుగా లేపి, కొస కొంచెం వంచి ఎదురొస్తే అదీ ఫలితం. హాయిగా ఉన్నప్పుడు చేసే గుర్రుగుర్రు శబ్దం ఒక్కదాన్నే నమ్మకండి, నొప్పితో ఉన్న పిల్లి కూడా ఆ శబ్దం చేస్తుంది.

ఒంటి సంగతి, మీ ఒంటి సంగతి

ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే కొత్తవాటిని కనీసం రెండు వారాలు కలపొద్దు. పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అనే వైరసు వాంతులు, విరేచనాలతో ఈతకు ఈతనే తీసుకుపోతుంది, గదిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మొదటి వారంలోనే డాక్టరుకి చూపించి, మలం పరీక్ష, నులిపురుగుల మందు మొదలుపెట్టండి. ఈ మందు రెండు వారాలకోసారి మళ్లీ వేయాలి, డోసు బరువుని బట్టి డాక్టరే చెప్పాలి. ఎనిమిది వారాలకి మొదటి టీకా, మూడు నాలుగు వారాలకి మరో డోసు, మూడు నెలలకి రేబిస్ టీకా.

గోమార్లు ఎక్కువగా ఉంటే కూన రక్తం తాగి చంపేస్తాయి. చిగుళ్లు గులాబీ రంగులో కాక తెల్లగా పాలిపోయి ఉంటే వెంటనే వెళ్లండి. ఇంట్లో చేయదగ్గది గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెలు కడిగే సబ్బు, సన్నపళ్ల దువ్వెన. కుక్కలకి వేసే గోమారి మందు పిల్లికి వేయకండి, అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి కొట్టుకుని చచ్చిపోతుంది. జ్వరమని పారాసిటమాల్ చుక్క కూడా వేయొద్దు, అదీ విషమే.

ఇక మీ సంగతి. కరిచినా, గీరి రక్తం వచ్చినా సబ్బుతో, ధార నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి వేసే పద్ధతిలో, మొదటి డోసు రోజుని 0గా లెక్కేసి 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు డోసులు, గాయాన్ని బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షను కూడా. ఇంత చిన్నదానికి రేబిస్ ఏంటి అని నా బొటనవేలి విషయంలో నేనూ అనుకున్నాను. మా డాక్టరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మాటిమాటికీ కూనల్ని తెచ్చేవాళ్లు ముందే వేయించుకునే టీకా కోర్సు గురించి అడగండి. తామర కూడా కూనల నుంచి మనకు అంటుతుంది, గుండ్రంగా వెంట్రుకలు ఊడిన మచ్చ కనిపిస్తే చేతులు కడుక్కోవడం పెంచండి. గర్భిణులు ఇసుక బేసిను ముట్టుకోకూడదు, మిగతావాళ్లు రోజూ శుభ్రం చేయాలి. అందులో ఉండే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది, ఆలోపే తీసేస్తే బెడద చాలావరకు పోయినట్టే. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ పని వేరే ఇంట్లో చేయండి.

తల్లిని మరిచిపోవద్దు

"అక్కా, మల్ల పెట్టిందక్కా పిల్లల్ని" అని మా వాచ్‌మన్ భార్య వచ్చి చెప్పినప్పుడు, కిందటి ఈత పిల్లలు ఇంకా నా బాత్రూములోనే ఉన్నాయి. పాలిస్తూ ఉండగానే పిల్లి మళ్లీ చూలు కడుతుంది. కడుపుతో ఉండేది తొమ్మిది వారాలే. పిల్లల్ని తీసుకున్నాక తల్లికి పాలు ఎండే దాకా ఆగి, రోజూ తిండి పెట్టే చోటే బోను పెట్టి పట్టించి ఆపరేషను చేయించండి. నేను మూడేళ్లు బద్ధకించాను. ఈ ఐదు ఈతల్లో నాలుగు ఒకే తల్లివి. కూనలకి నాలుగు నెలలు నిండుతుండగానే డాక్టరుతో ఆపరేషను మాట్లాడుకోవాలి. ఆడది ఆ వయసుకే ఎదకు రాగలదు.

పంపేటప్పుడు

ఎనిమిది, తొమ్మిది వారాలు నిండి, ఒక టీకా పడ్డాక పంపండి. వీలైతే జంటగా. బాల్కనీకి వల లేని పై అంతస్తు ఫ్లాటుకి ఇవ్వను. "ఎలుకల కోసం" అని అడిగినవాళ్లకి ఎలుకల బోను కొనుక్కోమంటాను. నల్లవాటిని శకునమని ఎవరూ తీసుకోరు. మా ‘మసి’ మూడు నెలలు అలాగే ఉండిపోయింది, చివరికి ఒక రిటైర్డ్ టీచరు గారు వచ్చి తీసుకెళ్లారు.

కొత్తవాళ్లు ఇంటికి వచ్చి మీ పీట మీద కూర్చుని రెండు పూటలు తినిపించాకే పంపండి. వాళ్లింట్లో కూడా మొదటి వారం ఒకే గది, అదే పౌచ్, అదే వేళలు. కూనతో పాటు అది పడుకున్న గుడ్డ కూడా బుట్టలో వేసి పంపించండి. ఆ గుడ్డ కనీసం పది రోజులు ఉతకొద్దని చెప్పండి, మురికిగా ఉందని మొహమాటపడకుండా.